సముద్రపు నాచు: రేపటి యాహారము

సెంటు నేలయు, చుక్క మంచినీరును కోరక సముద్రమున పెరుగు పంట యొకటి కలదు. అది తినదగిన నాచు. జపానువారు నోరి యను నాచును పలుచని రేకులుగా నెండబెట్టి, అన్నమునకు చుట్టి భుజింతురు.

శతాబ్దముల తరబడి సాగుచేసియు, దాని విత్తన మెచ్చటనుండి వచ్చునో వారెరుగరైరి. ఒకయేడు పండిన మరొకయేడు శూన్యము. 1949లో మాంచెస్టరునందలి కాథ్లీన్ డ్రూ యను శాస్త్రజ్ఞురాలు, నోరికి దగ్గరి జాతి నాచు గుల్లల పెంకులలో సూక్ష్మరూపమున నొక దశ గడపునని కనుగొనెను. అంతట జపాను శాస్త్రజ్ఞులు పెంకులలో విత్తును పెంచి వలలకు పట్టించు విధానమును సాధించిరి. తమ దేశమును చూడనైన చూడని యా విదుషికి 1963లో స్మారకశిల నిలిపిరి.

భారత ప్రభుత్వమును 2020లో మత్స్యసంపద యోజనయందు నాచు సాగును చేర్చినది. రామనాథపురపు తీరమున మత్స్యకార స్త్రీలు నాచు నేరి జీవించుచున్నారు. కాని యది విశేషముగా కార్ఖానాలకే పోవుచున్నది, కంచములోనికి రాదు. ఆంధ్రతీరము 900 కిలోమీటర్లకు మించినది. అయినను తెప్పలు, తాళ్లు పంచినంతనే పంట పండదు. మురుగు కలిసిన నీట పెరిగిన నాచు విషలోహములను పీల్చుకొనును. కొన్ని జాతులందు అయొడిను మితిమీరియుండును. ఏ తీరమున ఏ జాతి పెరుగునో, ఏది తినదగినదో ముందు పరీక్షింపవలెను. ఆ పరీక్షకు వలయు ధనమును తెప్పలకంటె ముందు కేటాయించుట ప్రభుత్వమునకు విధి.