ఎర్రబస్సు నుంచి డీజే పెట్టె దాకా: రామ్ మిరియాల పాటలో పల్లె బాణీ, వీధి తాళం

కీలక పదాలు: జానపద గేయం, హిప్‌హాప్, రెగే, యాస, తీన్మార్, డీజే, మూలకర్తృత్వం.

ప్రవేశిక

2019 మార్చిలో అమెరికాకు చెందిన బిల్‌బోర్డ్ పత్రిక ఒక పాటను తన కంట్రీ పాటల పట్టిక నుంచి తొలగించింది. లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి యువ గాయకుడు 2018 డిసెంబరులో సొంతంగా విడుదల చేసుకున్న ‘ఓల్డ్ టౌన్ రోడ్’ అది. గుర్రం, టోపీ, పాత ఊరిబాట అందులోని వస్తువు. అడుగున మోగేది హిప్‌హాప్ తాళం. కంట్రీ సంగీత లక్షణాలు అందులో చాలినంతగా లేవని పత్రిక కారణం చెప్పింది. ఆ ఏడాదే కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ ఆ పాటకు గొంతు కలిపాడు. ప్రధాన పట్టికలో అది 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 2024లో నైజీరియా మూలాలున్న షాబూజీ పాడిన ‘ఎ బార్ సాంగ్’ ఆ లెక్కను సమం చేసింది. ఈసారి కంట్రీ పట్టిక కూడా ఆ పాటకు అగ్రస్థానం ఇచ్చింది.

తెలుగులో ఇటువంటి కాపలా లేదు. పల్లె బాణీలో ర్యాప్ వినిపించినా, డప్పు దరువు మీద ఎలక్ట్రానిక్ ధ్వని చేరినా, దానిని జానపదం కాదని గెంటివేసే పట్టిక ఏదీ తెలుగు పాటకు లేకపోవడం ఒక విధంగా అదృష్టమే. అయితే ‘జానపదం’ అన్న మాట అందరినీ లోపలికి రానిస్తూనే, ఆ పాట ఎవరి నోట పుట్టిందన్న ప్రశ్నను మరుగుపరుస్తున్నది. రామ్ మిరియాల పాటల ప్రస్థానం ఈ రెండు పార్శ్వాలను పరిశీలించడానికి అనువైనది.

చౌరస్తా: తిరిగి ఊరికి

రామ్ మిరియాల గొంతు తెలుగు శ్రోతలకు మొదట పరిచయమైనది సినిమా ద్వారా కాదు. హైదరాబాదులో రూపుదిద్దుకున్న ‘చౌరస్తా’ సంగీత బృందం ద్వారా. జమైకా దేశపు రెగే సంగీతాన్ని తెలుగు పల్లె బాణీతో కలపడం ఆ బృందం ప్రత్యేకత. ‘ఊరెళ్ళిపోతా మామ’ ఈ దశకు చెందిన పాట. నగరంలో బతుకుతూ విసిగినవాడు ఎర్రబస్సు ఎక్కి సొంత ఊరికి తిరిగి పోతాననడం ఇందులోని వస్తువు. అమెరికా కంట్రీ సంగీతానికి ఆయువుపట్టు కూడా ఈ ‘తిరిగి ఊరికి’ అన్న భావమే. అక్కడ బాటసారి ట్రక్కులోనో గుర్రం మీదనో వెళ్తాడు. ఇక్కడ ఆర్టీసీ బస్సు ఎక్కుతాడు.

ఈ ఎర్రబస్సు కేవలం అలంకారం కాదు. హైదరాబాదులో రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున రావులపాలెంలో దిగి, అక్కడి నుంచి కొత్తపేట వైపు మళ్ళి పలివెల చేరుకునే కోనసీమ ప్రయాణికుడికి ఆ పాట వర్ణన కాదు, అనుభవం. ఉమాకొప్పులింగేశ్వరస్వామి ఆలయంతో ప్రసిద్ధికెక్కిన ఆ ఊరి వంటి ఎన్నో ఊళ్ళ నుంచి నగరాలకూ, గల్ఫ్ దేశాలకూ వలసలు సాగుతూనే ఉన్నాయి. పాటలో ఏ ఊరి పేరూ ప్రధానం కాకపోవడం వల్లనే అది ప్రతి ఊరి పాటగా చెల్లుబాటైంది. 2020లో కరోనా వ్యాపించిన తొలి రోజులలో చేయి చేయి కలపవద్దని, చేతులెత్తి నమస్కరిద్దామని చెబుతూ ఇదే బృందం చేసిన పాట కూడా విస్తృతంగా ప్రచారమైంది. వినేవారికి ఒక పని చెప్పడం జానపద గేయానికి ఎప్పటినుంచో ఉన్న ప్రయోజనం.

రెగే, హిప్‌హాప్, మర్ఫా: ఒక బంధుత్వం

రామ్ మిరియాల ప్రధానంగా ర్యాపర్ కాడు. ఆయనను హిప్‌హాప్ కళాకారుడనడం అతివ్యాప్తి దోషమే అవుతుంది. తెలుగులో ర్యాప్‌నే ప్రధానంగా చేపట్టినవారు నోయెల్, రోల్ రైడా వంటివారు. అయినా రెగేకూ హిప్‌హాప్‌కూ రక్తసంబంధం ఉన్నది. జమైకాలో పెద్ద పెద్ద ధ్వనిపెట్టెలను వీధిలో నిలిపి, రికార్డు మోగుతుండగా దాని మీద మాటలు లయబద్ధంగా పలికే అలవాటు ఉండేది. కింగ్‌స్టన్‌లో పుట్టి న్యూయార్కుకు వలస వెళ్ళిన కూల్ హెర్క్ 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో నిర్వహించిన వేడుకను హిప్‌హాప్ పుట్టుకగా చెప్పడం వాడుక. అంటే హిప్‌హాప్‌కు ఆదిపురుషుడు కవి కాదు, గాయకుడు కాదు, డీజే. తెలుగు ఊరేగింపులలో నేడు కనిపించే డీజే బండికి ఈ చరిత్రతో ఉన్న సామ్యాన్ని జానపద పరిశోధకులు ఇంకా తగినంతగా పట్టించుకోలేదు.

మరొక పోలిక మరింత ఆసక్తికరం. కంట్రీ సంగీతానికి గుర్తుగా నిలిచిన బాంజో వాయిద్యం మూలాలు పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నాయి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అంగరక్షక దళంలో పనిచేసిన సిద్దీలు హైదరాబాదుకు మర్ఫాను అందించారు. పెళ్ళిళ్ళలోనూ ఊరేగింపులలోనూ మోగే తీన్మార్ దరువు దానితో పెనవేసుకున్నది. వారు నివసించిన ప్రాంతాన్ని నేటికీ ఏసీ గార్డ్స్ అనే పిలుస్తారు. కాబట్టి తెలుగు వీధిపాటలో హిప్‌హాప్ లయ చేరినప్పుడు దానిని పూర్తిగా పరాయి సరుకుగా భావించనవసరం లేదు.

టిల్లు: గల్లీ గొంతు

2021 మార్చిలో వచ్చిన ‘జాతిరత్నాలు’ చిత్రంలో రధన్ సంగీతంలో పాడిన ‘చిట్టి’ పాట రామ్ మిరియాలను సినీగాయకుడిగా నిలబెట్టింది. 2022 ఫిబ్రవరిలో విడుదలైన ‘డీజే టిల్లు’ శీర్షికా గీతానికి ఆయన స్వరకర్త కూడా. సాహిత్యం కాసర్ల శ్యామ్‌ది. కథానాయకుడి అసలు పేరు బాలగంగాధర్ తిలక్, వృత్తి డీజే. వినాయక చవితిని బహిరంగ ఉత్సవంగా మలచిన నాయకుడి పేరు డీజేకు పెట్టడంలోని చమత్కారం శ్రోతలలో ఎందరు గమనించారో గానీ, ఆ ఉత్సవం నేడు డీజే లేకుండా సాగడం అరుదు.

తెలుగు మాట ప్రధానంగా అచ్చుతో ముగుస్తుంది. ఆంగ్ల ర్యాప్ హల్లుతో తెగే పదాంతాల మీద దెబ్బ వేస్తుంది. ఈ భేదాన్ని తెలుగు వీధిపాట మూడు విధాల దాటుతున్నది: ‘డీజే’, ‘టికెట్’ వంటి ఎరువు మాటలను పాదంలో బరువైన చోట నిలపడం, ‘దెబ్బ’, ‘గట్టి’, ‘మొక్కు’ వంటి ద్విత్వ పదాల ఊనికను తాళపు దెబ్బతో కలపడం, యాసలో సహజంగా జరిగే అచ్చుల లోపాన్ని వినియోగించడం. ‘చేస్తున్నాడు’ అన్న శిష్టరూపం కంటె ‘చేస్తుండు’ నాలుగు దెబ్బల చట్రంలో సులువుగా ఇముడుతుంది. ఛందోదృష్టితో చూస్తే చతురశ్ర గతికి యాస చేసే సాయం ఇది. ద్వితీయాక్షర ప్రాసను అలవరచుకున్న తెలుగు చెవికి అంత్యప్రాస ర్యాప్ వల్ల రాలేదు. జానపద గేయంలో అది ముందునుంచీ ఉన్నదే. ఆదాన ప్రదానం సులువుగా జరగడానికి అదొక కారణం.

‘టిల్లు స్క్వేర్’ (2024)లోని ‘టికెటే కొనకుండా’ ఈ మార్గానికి కొనసాగింపు. ఈ రెండు చిత్రాల నడుమ, 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’లో, భీమ్స్ సంగీతంలో మంగ్లితో కలిసి రామ్ పాడిన ‘ఊరు పల్లెటూరు’ పూర్తిగా పల్లె పాట. దాని రచనకు కాసర్ల శ్యామ్ జాతీయ చలనచిత్ర పురస్కారం పొందారు. ఒకే గొంతు, ఒకే కవి ఏడాది తేడాతో గల్లీనీ పల్లెనూ పాడగలిగారు. అమెరికాలో కంట్రీకీ హిప్‌హాప్‌కీ నడుమ వర్ణభేదం గోడ కట్టింది. హైదరాబాదు బస్తీని నింపినది పల్లె జనమే కనుక ఇక్కడ ఆ గోడ లేదు. కులం గీసిన గీతలు మాత్రం వాద్యం విషయంలో ఇంకా చెరగలేదు. డప్పును అభినందించే సభలన్నీ డప్పు వాయించేవారిని అదే విధంగా ఆదరించలేదు.

పాట కింద పేరు

2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ శీర్షికా గీతంలో రామ్ మిరియాల గాయకులలో ఒకరు. పాట మొదలయ్యేది మాత్రం దర్శనం మొగులయ్య గొంతుతో, ఆయన పన్నెండు మెట్ల కిన్నెరతో. ఆయన పేరు పాటతోపాటు ప్రకటితమైంది. 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో అదే కళాకారుడు నిర్మాణ స్థలంలో కూలిపని చేస్తున్నట్లు పత్రికలలో వచ్చింది. పేరు దక్కడం, జీవిక దక్కడం ఒకటి కాదని ఈ ఉదంతం చూపుతున్నది.

చాలామందికి పేరైనా దక్కలేదు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగదరియా’ విషయంలో వచ్చిన వివాదం ఈ కోవలోనిదే. పల్లె నోట ఉన్న పాటకు సినీకవి కొత్త చరణాలు కూర్చినప్పుడు, దానిని వెలికితెచ్చిన గాయని స్థానం ఏమిటన్నది అక్కడి ప్రశ్న. సమ్మేళన సంగీతంలో ఇది మరింత జటిలమవుతుంది. ‘ఓల్డ్ టౌన్ రోడ్’ నైన్ ఇంచ్ నెయిల్స్ బృందపు వాద్య ఖండం మీద నిర్మితమైనది. ఆ బృందపు ఇద్దరు స్వరకర్తలకూ అందులో రచయితలుగా పేరు దక్కింది. షాబూజీ పాట జె-క్వాన్ 2004లో పాడిన పాటను ఆధారం చేసుకున్నది. జె-క్వాన్ పేరు కూడా రచయితలలో చేరింది. ర్యాప్‌ను సొంతం చేసుకున్న తెలుగు పాట ఈ పద్ధతిని ఇంకా సొంతం చేసుకోలేదు.

తెలుగు పాట విడుదలైనప్పుడు దాని కింద సాధారణంగా మూడు గళ్ళు ఉంటాయి: సాహిత్యం, సంగీతం, గానం. మూలం ఏ ఊరిది, ఎవరు పాడగా ఎవరు సేకరించారు అన్న నాలుగవ గడి అరుదు. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటి పండితులు జానపద గేయాలను గ్రంథస్థం చేసిన భాషలో ఈ గడి నింపడానికి ఆధారాలు కరవు కావు. కోనసీమ తీర్థాలలో గరగల ముందు మోగే డప్పు వరుసనూ, దాని వెనుకనే వచ్చే డీజే పెట్టె పాటనూ ఒకే క్షేత్రపర్యటనలో, వాయించినవారి పేరు, ఊరు, తేదీ సహితంగా నమోదు చేయడం సాధ్యమే. అందుకు తీర్థం సాగే ఆ ఒక్క రాత్రే అవకాశం.