సౌర ఇన్వర్టరు పెట్టె విప్పునపుడు
గోడ బిగింపు సామాను చెడి వచ్చినచో పంచాయతీలు చేయవలసిన పనులు

వీధిలో విద్యుద్దీపము వెలుగుటయే అభ్యుదయమునకు గుర్తుగ మన గ్రామములు ఎంచిన కాలము గడచినది. గ్రామము తన యిండ్ల కప్పులమీదనే విద్యుత్తును పుట్టించుకొను దినములు వచ్చినవి. 2024వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున భారత ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము ఒక కోటి యిండ్లను ఉద్దేశించినది. దానికి 75,021 కోట్ల రూపాయలు మంజూరైనవి. ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000 రూపాయలు, మూడు కిలోవాట్లకును అంతకు మించిన వానికిని 78,000 రూపాయలు కేంద్ర సహాయముగ నిర్ణయింపబడినవి. తమ పరిధిలో ఈ పనిని ప్రోత్సహించు స్థానిక సంస్థలకు ఇంటికి 1,000 రూపాయల వంతున ప్రోత్సాహకము కూడ ఏర్పాటైనది. కావున సౌరవిద్యుత్తు విషయమున గ్రామస్థులు ముందుగ వచ్చి సలహా యడుగునది పంచాయతీ సభ్యులనే.

ఈ సందర్భమున మేము చెప్పదలచినది పెద్ద సిద్ధాంతము కాదు. ఒక చిన్న ఇనుప పట్టీని గురించి. ఇన్వర్టరుతోపాటు పెట్టెలో వచ్చు గోడ బ్రాకెట్టు వంగియుండుట, బోల్టు మర చెడియుండుట, యంత్రము వెనుకనున్న కొక్కెము విరిగియుండుట అప్పుడప్పుడు జరుగుచుండును. దానిని అల్పవిషయమని విడిచినచో పంచాయతీ సొమ్మునకే గాక మనుష్యుల ప్రాణములకు సైతము చేటు కలుగవచ్చును.

బస్తాకు ఉన్న జాగ్రత్త పెట్టెకు లేదు

గుంటూరు–తెనాలి మార్గమునందలి వడ్లమూడిని ఉదాహరణముగ తీసికొందము. సంగం డెయిరీయు, విజ్ఞాన్ విశ్వవిద్యాలయమును నెలకొన్న యీ గ్రామమునకు సరుకు లారీలు కొత్త కాదు. ధాన్యపు బస్తా చినిగివచ్చినచో ఇచ్చటి రైతు తూకము వేయించనిదే దింపుకొనడు. పాలకేంద్రమున వెన్నశాతము చూడనిదే పాలకు వెల కట్టరు. పరీక్షించి గాని పుచ్చుకొనరాదను నీతిని ఈ ప్రాంతమువారికి వేరొకరు నేర్పనక్కరలేదు.

అయినను అట్టపెట్టెలో యంత్రము వచ్చినపుడు ఆ నీతిని మరచుచున్నాము. లారీ తోలువాడు తొందరపెట్టును. పెట్టె మూల నలిగియున్నను "లోపల బాగుగనే యుండును" అనుకొని సంతకము చేయుదుము. వారము దినముల పిదప బిగించువారు వచ్చి విప్పిచూచునప్పటికి బ్రాకెట్టు వంకరగ నుండును. అప్పుడు అమ్మినవారు రవాణావారిని చూపుదురు. రవాణావారు మన సంతకమును చూపుదురు.

ఇన్వర్టరు, దాని బిగింపు

కప్పుమీది సౌరఫలకములు పుట్టించునది ఏకముఖ విద్యుత్తు. మన దీపములకు, పంకాలకు, పంపులకు కావలసినది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. మొదటిదానిని రెండవదానిగ మార్చు యంత్రమే ఇన్వర్టరు. ఇది పనిచేయునపుడు వేడెక్కును. ఆ వేడిని వెదజల్లుటకు దాని వెనుక అల్యూమినియపు రెక్కలు ఉండును. రెక్కల సందున గాలి క్రిందినుండి పైకి ఆడవలెను. అందుచేతనే యంత్రమును నిలువుగ, గోడకు కొంత ఎడముగ వ్రేలాడదీయుదురు.

ఈ పనికై గోడకు బిగించు బ్రాకెట్టు, గోడలో దిగు విస్తరణ బోల్టులు, యంత్రము జారకుండ బిగించు మరలు, భూమి తీగను కలుపు బోల్టు పెట్టెలోనే వచ్చును. బ్రాకెట్టు వంగినచో యంత్రము ఒరిగి, గాలి ఆడక, వేడెక్కి తన శక్తిని తగ్గించుకొనును; ఆయుస్సు కూడ తగ్గును. భూమి తీగ బోల్టు లేనిచో, లోపల ఏదేని లోపము కలిగిననాడు పైపెట్టెను తాకినవారికి విద్యుద్ఘాతము తగులవచ్చును.

తీరప్రాంతమునకు మరియొక చింత కూడ కలదు. బాపట్ల, రేపల్లె ప్రాంతములవారు 1977 నవంబరు నాటి ఉప్పెనను మరువలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. ఉప్పుగాలి సామాన్యపు ఇనుమును త్వరగ తినివేయును. తుపాను గాలి బలహీనమైన బిగింపును వెదకి పట్టుకొనును. ఇట్టిచోట తుప్పుపట్టని ఉక్కు బోల్టునకు బదులు చేతికి దొరికిన బోల్టును వాడుట ముప్పును కొని తెచ్చుకొనుటయే యగును.

చెడిన సామాను మూడు తెరగులు

చెడిన వస్తువులన్నియు ఒకటే కావు. సభ్యులు వీనిని మూడు తెరగులుగ విడదీసి చూచుట మంచిది.

మొదటిది, సామాను తక్కువగ వచ్చుట. పెట్టెలోని పట్టికతో సరిచూచి, లేనివానిని వ్రాసి కోరవలెను. రెండవది, విడిగనున్న బ్రాకెట్టో బోల్టులో చెడియుండుట. ఆ భాగములను తయారీదారుని అసలు సామానుతోనే మార్పించుకొనవలెను. మూడవది, యంత్రమునకు అంటియున్న కొక్కెము, చెవి, లేక వెనుక రెక్క విరుగుట గాని పగులుట గాని. ఇట్టిచోట భాగమును మార్చిన చాలదు. యంత్రమునే మార్చవలసినదిగ కోరుట యుక్తము.

రెండవ తెరగునందు కూడ ఒక సంగతి గమనింపవలెను. ఉక్కు పట్టీని వంచిన దెబ్బ ఆ పట్టీతోనే ఆగినదని చెప్పుటకు వీలులేదు. అదే దెబ్బకు లోపలి అతుకులు సడలియుండవచ్చును. వాననీరు చొరకుండ మూతచుట్టునున్న రబ్బరు పట్టు తొలగియుండవచ్చును. ఇవి పైకి కనబడవు. బ్రాకెట్టు వంగియుండుట పెట్టె పడినదనుటకు సాక్ష్యము. కావున బ్రాకెట్టును మార్చియిచ్చినపుడు యంత్రమును కూడ తయారీదారుని ప్రతినిధి పరీక్షించి, వారంటీ చెల్లునని వ్రాసి యియ్యవలసినదిగ కోరవలెను.

చేయరాని పనులు

వంగిన బ్రాకెట్టును కమ్మరికొలిమికి పంపి సాగగొట్టించుట కొందరికి పొదుపుగ తోచును. కాని ఒకసారి వంగి మరల సాగిన పట్టీకి మడతచోట బలము తగ్గును. తుప్పును ఆపు పైపూత రాలిపోవును. వెల్డింగు చేయించినచో ఆ పూత కాలిపోవును. యంత్రము గోడమీద నుండగా వెల్డింగు చేసినచో లోపలి సున్నితమైన భాగములు చెడవచ్చును. యంత్రపు పైపెట్టెకు కొత్త రంధ్రములు తొలిచినచో నీరు చొచ్చును. వారంటీ కూడ పోవును.

పాత సున్నపుగోడలకు, పూత వదులైన ఇటుకగోడలకు కొయ్యమేకులు దిగగొట్టి యంత్రమును వ్రేలాడదీయరాదు. ఇండ్లకు వాడు యంత్రము పది పదిహేను కిలోల బరువుండవచ్చును. పెద్ద భవనములకు వాడు యంత్రములు అంతకు ఎన్నియో రెట్లు తూగును. గోడ చాలనిచోట ఏమి చేయవలెనో బిగించువారు తయారీదారుని సూచనల ప్రకారము నిర్ణయింపవలెను.

అన్నిటికంటె ముఖ్యముగ, చెడిన యంత్రమును "పనిచేయునో లేదో చూతము" అని విద్యుత్తుకు కలుపరాదు. సూర్యుడు ఉన్నంతసేపు ఫలకముల తీగలలో విద్యుత్తు ఉండును. ఇంటి మీటను ఆపినంతమాత్రమున అది పోదు. యంత్రము ఆగిన పిదప కూడ లోపల కొన్ని నిమిషములవరకు విద్యుత్తు నిలువయుండును. దానిని విప్పుట శిక్షణ పొందినవారి పని.

పెట్టె దిగిన దినమున

లారీ నిలిచినప్పుడే పెట్టె ఆరు ముఖములను చూడవలెను. నలిగిన మూలలను, తడిసిన గుర్తులను, తిరిగి అంటించిన పట్టీలను సెల్‌ఫోనుతో ఫోటో తీయవలెను. అవకాశమున్నచో తోలువాని యెదుటనే పెట్టె విప్పవలెను. విప్పుటను ఆద్యంతము వీడియో తీయుట మంచిది. యంత్రముమీది వరుససంఖ్యయు, పెట్టెమీదిదియు, వారంటీ పత్రములోనిదియు ఒక్కటియేనా యని సరిచూడవలెను. ఇన్వర్టరుపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు ఉన్నదో లేదో కూడ అప్పుడే చూచుకొనవలెను.

లోపము కనబడినచో రసీదుపై సంతకమునకు పైన ఇట్లు వ్రాయవచ్చును: "పెట్టె ఎడమ మూల నలిగియున్నది. గోడ బ్రాకెట్టు వంగియున్నది. యంత్రము పరీక్షింపబడలేదు. మా హక్కులు నిలుపుకొని దింపుకొనుచున్నాము." పెట్టె విప్పుటకు వీలులేనిచో "లోపలి సరుకు చూడలేదు" అని వ్రాసిన చాలును. ఈ ఒక్క వాక్యము తరువాతి తగవులో నూరు మాటలకంటె విలువైనది.

పిదప అదే దినమున, తప్పినచో మరునాడు, అమ్మినవారికి వ్రాతమూలకముగ తెలుపవలెను. ఫోనుమాట చాలదు. జాబులో ఆర్డరు సంఖ్య, లారీ రసీదు సంఖ్య, వరుససంఖ్య, లోపము, కోరునది, గడువు వివరముగ ఉండవలెను. ఫోటోలను జతపరచి, నకలును పంచాయతీ దస్త్రములో ఉంచవలెను. స్టాకు రిజిస్టరులో ఆ యంత్రమును "బాగుగ అందినది" అని చేర్చరాదు. అట్టపెట్టెను, లోపలి దిండ్లను, విరిగిన ముక్కలను సైతము విషయము తేలువరకు దాచియుంచవలెను.

చట్టము ఇచ్చు అండ

1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము కొనువానికి సరుకును పరీక్షించు హక్కు నిచ్చినది. అయితే నిరాకరణ తెలుపక తగినకాలము మించి సరుకును ఉంచుకొన్నచో అంగీకరించినట్లే యగును. సకాలమున నిరాకరించినచో, వేరు ఒడంబడిక లేనపుడు, సరుకును తిరిగి పంపు బాధ్యత కొన్నవానిది కాదు. నిరాకరించినట్లు తెలిపిన చాలును. మా తొందర యంతయు ఇందులకే.

రవాణావారిపై దావాకు వేరు గడువు కలదు. 2007వ సంవత్సరపు రోడ్డు రవాణా చట్టము ప్రకారము, సరుకు బుకింగు అయిన తేదీనుండి 180 దినములలోపల వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చియుండవలెను. దినములను లెక్కించునది మనకు సరుకు అందిన తేదీనుండి కాదు, బుకింగు తేదీనుండి యని గుర్తుంచుకొనవలెను. ఆర్డరు వ్రాయునపుడే "మా గ్రామమునకు చేర్చి, బిగించి, నడిపించి అప్పగించుట అమ్మువారి బాధ్యత" అని షరతు పెట్టినచో ఈ చిక్కులో పెద్దపాలు అమ్మువారిమీదనే యుండును. బిగింపు పూర్తియై, పరీక్ష ముగియువరకు తుదివాయిదా చెల్లింపరాదను షరతు కూడ ఉండవలెను.

తమ యిండ్లకు కొనుక్కొన్నవారికి 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము అండగ నున్నది. 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమును సంప్రదింపవచ్చును. అప్పటికిని పరిష్కారము కానిచో రెండు సంవత్సరములలోపల జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదుకు రుసుము లేదు. నిరక్షరాస్యులకు, వృద్ధులకు ఈ జాబులు వ్రాసిపెట్టుట సభ్యులు చేయదగిన మంచి సేవ.

ఒక తీర్మానము

ఈ పనికి ధనము అక్కరలేదు, ముందుచూపు చాలును. సౌరసామాను కొనదలచిన ప్రతి పంచాయతీయు, ఆర్డరు ఇచ్చుటకు ముందే ఒక తీర్మానము చేసికొనవచ్చును: సరుకు పుచ్చుకొనుటకు ఇద్దరు వ్యక్తులను నియమించుట, వారు చూడనిదే ఎవరును రసీదుపై సంతకము చేయకుండుట, లోపము కనబడిననాడే జాబు వ్రాయుట, మార్చిన సామాను వచ్చి పరీక్ష జరుగువరకు యంత్రమును గోడకెక్కింపకుండుట.

దీనివలన పని పది దినములు ఆలస్యమగునని కొందరు అనవచ్చును. ఇన్వర్టరు ఏండ్ల తరబడి ఆ గోడమీద ఉండవలసిన యంత్రము. అది పాఠశాల వరండాలో నుండవచ్చును. పంచాయతీ కార్యాలయపు వాకిట నుండవచ్చును. దాని క్రింద పిల్లలు ఆడుకొందురు, పింఛనుకై వచ్చిన వృద్ధులు కూర్చుందురు. పది దినముల ఆలస్యమును గ్రామము భరింపగలదు. వంగిన పట్టీమీద వ్రేలాడు బరువును వారి తలలమీద నుంచు హక్కు ఎవరికిని లేదు.