ఇంటి షెడ్డులో లేసరు కోత

సేద్యపు పనిముట్లను ఇంటివద్దనే బాగుచేసికొను రైతులు కొందరు, బజారులో దొరకు చిన్న లేసరు యంత్రముతో ఇనుపరేకు తెగునా అని అడుగుచున్నారు. తెగదని ముందే చెప్పుట మంచిది. అయినను ఆ యంత్రమువలన ఉపయోగము లేకపోలేదు.

భూతద్దముతో ఎండను ఒక చుక్కగా చేర్చిన ఎండుటాకు కాలును గదా! లేసరు కోతయు అట్టిదే. కాని ఇచ్చట వెలుగు ఒకే రంగుది, చుక్క మిక్కిలి సన్ననిది. మొదటి లేసరును 1960లో అమెరికాలో మైమన్ చేసెను. 1964లో, మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బొగ్గుపులుసు వాయువుతో లేసరును సాధించిరి. చిన్న షెడ్లలో వాడు గాజుగొట్టపు యంత్రములు ఈ జాతివే.

40 వాట్ల గాజుగొట్టపు యంత్రము 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును, ఆక్రిలిక్ రేకును, తోలును, అట్టను చక్కగా కోయును. ఇనుము ఆ వెలుగును చాలవరకు త్రిప్పికొట్టును. నీలికిరణపు డయోడు యంత్రము ఇంకను చౌక. అది ప్లైవుడ్డును కోయును గాని, దాని కిరణము రంగులేని ఆక్రిలిక్‌ను కోయక దాటిపోవును. ఇనుపరేకు కోయుటకు పట్టణములోని ఫైబరు లేసరు కావలెను. దాని శక్తి 1000 వాట్లు, అంతకు పైన. కోతచోట ఆక్సిజనునో, నత్రజనినో గట్టిగా ఊదుదురు. కనుక అచ్చును ఇంటివద్ద ప్లైవుడ్డుపై కోసి సరిచూచుకొని, ఆ పటమునే పట్టణములో ఇచ్చి రేకును కోయించుకొనుట తెలివైన పని. నాగలి కర్రుకు మాత్రము ఇవేవియు అక్కరలేదు. కమ్మరి కొలిమి చాలును.

చిన్న యంత్రము బాగుగా అక్కరకు వచ్చునది విత్తు యంత్రపు పళ్ళెములకు. పళ్ళెపు అంచున ఉన్న గంట్లే విత్తనమును ఒక్కొక్కటిగా ఎత్తును. చక్రము ఒక చుట్టుకు 150 సెంటీమీటర్లు నడచి, పళ్ళెము కూడ ఒక చుట్టు తిరుగుననుకొనుడు. వేరుశనగను 10 సెంటీమీటర్లకు ఒక గింజ వేయవలెనన్న 15 గంట్లు కావలెను. చక్రమును టేపుతో కొలుచుటకంటె, దుక్కిలో 10 చుట్లు నడిపి, ఆ దూరమును పదింట భాగించుట మేలు. దుక్కిలో చక్రము కొంత జారును. గంటు మీ విత్తనములోని పెద్ద గింజకంటె కొద్దిగా పెద్దదై ఉండవలెను. మొదట ప్లైవుడ్డుతో కోసి, చక్రమునెత్తి 20 చుట్లు త్రిప్పి, రాలిన గింజలను లెక్కింపుడు. 300కు చాల తగ్గిన గంటు చిన్నది. చాల మించిన జంటగింజలు పడుచున్నవి. ప్లైవుడ్డు తడికి ఉబ్బును గనుక, కుదిరిన కొలతతో ఆక్రిలిక్ పళ్ళెము కోసికొనవలెను.

రైతు సోదరుల యింట ఊరక పడియుండునది పి.వి.సి. గొట్టపు ముక్క. దానిని గాని, రెక్సిన్ గుడ్డను గాని లేసరు క్రింద ఎన్నడును పెట్టరాదు. కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడును. తేమ తగిలిన అది ఘాటైన ఆమ్లమగును. ఊపిరితిత్తులు చెడును, యంత్రపు పట్టాలును త్రుప్పుపట్టును. ఏ ప్లాస్టిక్కో తెలియనప్పుడు, ఆరుబయట రాగితీగను ఎఱ్ఱగా కాల్చి, ప్లాస్టిక్కుకు తాకించి, మరల మంటలో పెట్టుడు. మంట పచ్చనైన, అందులో క్లోరిన్ ఉన్నట్లే. పురుగుమందు డబ్బాల జోలికిని పోరాదు.

బొగ్గుపులుసు వాయు లేసరు కిరణము కంటికి కనబడదు. కంటి పైపొరను కాల్చును. నీలికిరణము లోపలి తెరవరకు పోయి, రెప్పపాటులో చూపును పోగొట్టును. ఆ నష్టము మరల కుదురుకొనదు. వెల్డింగు అద్దములు, చలువ అద్దములు పనికిరావు. ఆ కిరణపు కొలతకే చేసిన కళ్ళద్దములు వాడి, యంత్రపు మూత మూసియే కోయవలెను. ఆక్రిలిక్ అంటుకొనుట కద్దు గనుక కోత ముగియువరకు మనిషి దగ్గరనే ఉండవలెను. పొగ బయటికి పోవుటకు ఫాను తప్పనిసరి. గొట్టమునకు సుమారు 20,000 వోల్టుల విద్యుత్తు పోవును గనుక ఎర్తు తీగ సరిగా లేనిదే స్విచ్చి వేయరాదు.

గాజుగొట్టము చుట్టును నీరు ఎడతెగక పారుచుండవలెను. నీరాగిన గొట్టము పగులును. బోరునీటిలోని ఉప్పు లోపల పేరుకొనును గనుక బట్టీపట్టిన నీరు పోయవలెను. వేసవి మధ్యాహ్నము ఆ నీరు వేడెక్కి కిరణపు బలము తగ్గును. కోతపని తెల్లవారుజామున పెట్టుకొనుడు.