మూడు గడియారాలు ఆగిన ఉపగ్రహం: ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్-1ఎ కక్ష్యాసేవ

మార్గనిర్దేశక ఉపగ్రహాన్ని దీపస్తంభంతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక సగమే సరైనది. దీపస్తంభానికి వెలుగు చాలు. ఉపగ్రహానికి కచ్చితమైన కాలం కావాలి. సంకేతం ఉపగ్రహం నుండి గ్రాహకాన్ని చేరడానికి పట్టిన వ్యవధిని కాంతివేగంతో గుణించి దూరాన్ని నిర్ణయిస్తారు. ఆ గణనలో ఒక నానోసెకను తప్పితే దూరం 30 సెంటీమీటర్లు, ఒక మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు తప్పుతుంది.

భారత ప్రాంతీయ మార్గనిర్దేశక వ్యవస్థ తొలి ఉపగ్రహమైన ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్-1ఎ 2013 జూలై 1 రాత్రి శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి-సి22 వాహనంపై బయలుదేరింది. దాని బరువు 1,425 కిలోలు, నిర్దేశిత ఆయుష్షు పదేళ్లు. 55 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, వాలు గల భూసమకాలిక కక్ష్యలో అది రోజుకొకసారి ఎనిమిది అంకె ఆకృతిలో సంచరించేది. అందువల్ల సికింద్రాబాదులోని పద్మారావు నగర్ వంటి చోటు నుండి చూస్తే, జి.పి.ఎస్. ఉపగ్రహాలవలె ఉదయించి అస్తమించక, పడమటి ఆకాశంలో నిరంతరం క్షితిజరేఖకు ఎగువనే ఉండేది. ఎల్5, ఎస్ అనే రెండు పౌనఃపున్యాలలో అది సంకేతాలు పంపేది. అయనావరణం కలిగించే జాప్యం పౌనఃపున్యాన్నిబట్టి మారుతుంది కనుక, రెండింటి తేడా నుండి ఆ జాప్యాన్ని లెక్కగట్టి తొలగించవచ్చు. సమీపంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ విభాగం వంటి సంస్థలకు ఈ అంశం ప్రత్యేక ఆసక్తిదాయకం.

ఉపగ్రహంలో స్విట్జర్లాండు నుండి తెచ్చిన మూడు రుబీడియం పరమాణు గడియారాలుండేవి. ఒకటి చెడితే మరొకటి ఆదుకోవాలన్నది ఏర్పాటు. 2017 జనవరి నాటికి మూడూ విఫలమయ్యాయి. ఒకే నమూనా గడియారాలు మూడున్నా, లోపం ఆ నమూనాలోనే ఉంటే సంఖ్య రక్షించదు. ఈ ఉదంతంలో అధ్యయనం చేయదగిన అసలు విషయం ఇదే. విచిత్రమేమంటే, ఉపగ్రహం మిగిలిన అంగాలన్నీ బాగానే ఉన్నాయి. స్థాననిర్ణయానికి పనికిరాకపోయినా, సందేశ ప్రసారానికి దానిని వినియోగించారు.

దాని స్థానాన్ని భర్తీ చేయవలసిన 1హెచ్, 2017 ఆగస్టు 31న ఉష్ణకవచం విడివడక వృథా అయింది. 2018 ఏప్రిల్ 12న 1ఐ కక్ష్యకు చేరింది. అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రంలో రూపొందిన స్వదేశీ రుబీడియం గడియారం 2023 మే 29న ఎన్.వి.ఎస్-01లో తొలిసారి ఎగిరింది. 2025 జనవరి 29న ప్రయోగించిన ఎన్.వి.ఎస్-02లో స్వదేశీ, విదేశీ గడియారాలు రెండింటినీ అమర్చారు. అయితే ఇంధన దహనానికి కావలసిన ఆక్సీకారకాన్ని లోనికి పంపే కవాటాలు తెరుచుకోకపోవడంతో ఆ ఉపగ్రహం తన నిర్ణీత కక్ష్యకే చేరలేదు.