పెళ్లి వీడియోకు ఎంత ‘ర్యామ్’ కావాలి? – అప్పు చేసే ముందు స్టూడియోలు చూసుకోవాల్సిన లెక్క

ఖమ్మం: పెళ్లయి నెలలు గడిచినా వీడియో చేతికి రాలేదన్న మాట మండల కేంద్రాల్లోని ఫోటో స్టూడియోల వద్ద తరచు వినిపించేదే. అడ్వాన్సు పోను మిగిలిన సొమ్ము వీడియో, ఆల్బమ్ అందిన తర్వాతనే ఇవ్వడం రివాజు. కనుక ఆలస్యమైనకొద్దీ పెళ్లివారికి చికాకు, స్టూడియో యజమానికి నష్టం. కెమెరామన్‌కు, డ్రోన్ ఎగరేసిన కుర్రాడికి కూలి మాత్రం అదే రోజు ఇచ్చుకోవాలి.

ఈ ఆలస్యానికి కారణమేమని అడిగితే చాలామంది వేలు చూపించేది కంప్యూటర్ వైపే. కంప్యూటర్ ‘హ్యాంగ్’ అవుతోందని దుకాణానికి తీసుకుపోతే అక్కడ వచ్చే మొదటి సలహా ‘ర్యామ్ చాలదు, పెంచండి’ అన్నది. 16 జి.బి. ఉన్నవారిని 32 చేయమంటారు, 32 ఉన్నవారిని 64 చేయమంటారు. లోగడ ఇది పెద్ద ఖర్చు కాదు. 2025 చివరి నెలల్లో పరిస్థితి తారుమారైంది. ర్యామ్ ధర కొన్ని నెలల్లోనే రెట్టింపయింది. కొన్ని రకాలకు అంతకు మించి కూడా పెరిగింది. కృత్రిమ మేధ యంత్రాలు నడిపే భారీ కేంద్రాలు మెమరీ చిప్‌లను టోకున కొనేస్తుండగా, తయారీ కంపెనీలు ఎక్కువ లాభం వచ్చే ఆ సరుకు వైపే మొగ్గాయి. ప్రపంచంలోని మూడు పెద్ద మెమరీ తయారీదారుల్లో ఒకటైన మైక్రాన్ కంపెనీ, మామూలు వినియోగదారులకు ‘క్రూషియల్’ పేరిట అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అక్కడి గిరాకీ భారం వైరాలోనో, మధిరలోనో చిన్న స్టూడియో పెట్టుకున్నవాడి మీద కూడా పడింది. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ర్యామ్ కొనేవాడు ముందుగా తనకు నిజంగా ఎంత కావాలో తేల్చుకోక తప్పదు.

కల్లం వేరు, గోదాము వేరు

అసలు చిక్కు మాట దగ్గరే మొదలవుతున్నది. ‘మా సిస్టంలో 512 జి.బి. మెమరీ ఉంది’ అని కొందరు చెబుతుంటారు. అది ర్యామ్ కాదు, సరుకు దాచుకునే డిస్కు. రెంటినీ జి.బి.లలోనే కొలుస్తారు కాబట్టి ఈ గందరగోళం. మిరప రైతుకు ఇది తేలిగ్గా అర్థమయ్యే విషయమే. డిస్కు కోల్డ్ స్టోరేజీ వంటిది. ర్యామ్ కల్లం వంటిది. కాయను పరిచి తాలు ఏరేది కల్లంలోనే. కల్లం చిన్నదైతే కొంత పరిచి, అది ఎత్తి, మళ్లీ కొంత తెచ్చుకోవాలి. తిరుగుడుకే పొద్దు పోతుంది. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ చేసేది సరిగ్గా ఇదే. పట్టనిదాన్ని డిస్కు మీదికి నెట్టి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. దాన్నే మనం హ్యాంగ్ అంటున్నాం.

అయితే పది బస్తాల కాయకు రెండెకరాల కల్లం ఉన్నా పని త్వరగా కాదు. అప్పుడు కావలసింది కూలీలు. కంప్యూటర్‌లో ఆ కూలీలు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. దుకాణాల్లో ఈ సంగతి విడమరిచి చెప్పేవారు తక్కువ.

వీడియోకు ఇంత జాగా ఎందుకన్నది కూడా చూడాలి. ఫుల్ హెచ్.డి. బొమ్మ ఒక్కోదానిలో 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. 4కె బొమ్మలో దాదాపు 83 లక్షలు, అంటే నాలుగింతలు. కెమెరా కార్డులో ఇది బిగించిన పత్తి బేలులా ఉంటుంది. 100 మెగాబిట్ల సెట్టింగులో తీస్తే గంట వీడియోకు సుమారు 45 జి.బి. అవుతుంది. కత్తిరించడానికి ఆ బేలును విప్పాలి. విప్పిన ఒక్క 4కె బొమ్మకు మామూలు లెక్కలో 33 ఎం.బి. పడుతుంది. క్షణానికి 25 బొమ్మలు. ఒక్క క్షణపు వీడియోకే 830 ఎం.బి. దాకా జాగా కావాలన్నమాట. అదృష్టవశాత్తు సాఫ్ట్‌వేర్ మొత్తం పెళ్లిని ఒకేసారి విప్పదు, చేతిలో ఉన్న ముక్క చుట్టుపక్కల వరకే విప్పుకుంటుంది. తాళి కట్టే ఘట్టాన్ని మూడు కెమెరాల నుంచి పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు మాత్రం మూడు బేళ్లు ఒకేసారి విప్పాల్సి వస్తుంది.

ఇక కంపెనీలు చెప్పే లెక్క. అడోబ్ ప్రీమియర్ ప్రోకు కనీసం 8 జి.బి. ఉండాలని, హెచ్.డి. పనికి 16, 4కె పనికి 32 లేదా ఆపైన మేలని ఆ కంపెనీ చెబుతున్నది. డావిన్సీ రిజాల్వ్‌కు 16, అందులోని ఫ్యూజన్ విభాగంలో గ్రాఫిక్స్ పని చేసేవారికి 32. ఈ కొలతలు జిల్లాలోని పెళ్లి పనులకు బాగానే సరిపోతాయి. హెచ్.డి.లో తీసి హెచ్.డి.లోనే ఇచ్చే స్టూడియోకు 16 చాలు. 4కెలో రెండు కెమెరాలు, ఒక డ్రోన్ పెట్టి తీసేవారికి 32 అవసరం. 64 అన్నది నాలుగైదు కెమెరాల 4కె పని, పైన బరువైన ఎఫెక్టులు నిత్యం చేసేవారి మాట. ఏడాదికి రెండు పెద్ద పెళ్లిళ్లు వస్తాయన్న ఆశతో అప్పు చేసి 64 కొనడం దండుగ.

ఖర్చు లేని పరీక్ష

కొనే ముందు ఇంట్లోనే తేల్చుకునే మార్గముంది. నిత్యం విసిగించే పెళ్లి ప్రాజెక్టునే తెరిచి పని చేస్తూ, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. వాడకంలో ఎంత ఉంది, ఖాళీ ఎంత ఉంది అక్కడే కనిపిస్తుంది. ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కూడా అదే చెబుతుంది. ఒక హెచ్చరిక: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఖాళీ ఉన్నంత మేర ముందుజాగ్రత్తగా ఆక్రమించుకుంటాయి. కాబట్టి ర్యామ్ నిండినట్లు కనిపించగానే చాలడం లేదని తీర్మానించరాదు. ఖాళీ దాదాపు సున్నాకు వచ్చి, అదే సమయంలో డిస్కు నూటికి నూరు పాళ్లు కొట్టుకుంటూ, బొమ్మ ఆగిపోతుంటే అప్పుడు ర్యామ్ కొరతే అనుకోవచ్చు. సగం ఖాళీగా ఉండి కూడా బొమ్మ ముక్కలు ముక్కలుగా నడుస్తుంటే ఎంత ర్యామ్ పోసినా మార్పు రాదు.

అటువంటప్పుడు దోషం ఇంకెక్కడో ఉంటుంది. చాలా స్టూడియోల్లో పెళ్లి ఫైళ్లన్నీ ఇప్పటికీ పాత తిరిగే హార్డ్‌డిస్కు మీద పెట్టుకునే కోస్తున్నారు. పని జరిగే ఫైళ్ల వరకైనా ఎస్.ఎస్.డి. మీదికి మార్చితే తేడా ఆ పూటే తెలుస్తుంది. కొత్త కెమెరాల 10-బిట్ ఫైళ్లను విప్పడం పాత ప్రాసెసర్లకు మోయలేని బరువు. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ‘ప్రాక్సీ’. రాత్రి పడుకునే ముందు ఫైళ్లన్నిటికీ చిన్న సైజు నకళ్లు తయారయ్యేలా పెట్టి, పగలు ఆ నకళ్ల మీద కత్తిరించి, చివర ఇచ్చేది మాత్రం అసలు ఫైళ్లతో ఇవ్వడం. ప్రీమియర్‌లోను, ఉచితంగా దొరికే రిజాల్వ్‌లోను ఈ సదుపాయం ఉంది. ఇది తెలిసీ బద్ధకించేవారే ఎక్కువ. ప్రాక్సీలతో 16 జి.బి. కంప్యూటర్ మీద కూడా 4కె పెళ్లిని ఓపికగా నెట్టుకురావచ్చు. ధరలు దిగేదాకా ఆగాలనుకునేవారికి ఇదే దారి.

పరీక్ష చేశాక కొనక తప్పదని తేలినవారు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, విజయవాడకో బయలుదేరే ముందు మదర్‌బోర్డు ఏ రకం ర్యామ్ తీసుకుంటుందో కాగితం మీద రాసుకుని పోవాలి. డి.డి.ఆర్. 4 బోర్డులో డి.డి.ఆర్. 5 స్టిక్ దూరనే దూరదు, వాటి గాడి స్థానమే వేరు. 32 కావాలంటే ఒకే 32 స్టిక్ కన్నా 16 జి.బి.వి రెండు, ఒకే జత తీసుకోవడం మేలు. రెండు దారుల్లో సరుకు నడిచి వేగం పెరుగుతుంది. వేర్వేరు వేగాలవి కలిపితే అన్నీ నెమ్మదైన దాని వేగానికే దిగుతాయి. నాలుగు స్లాట్ల బోర్డులో ఇలా చేస్తే మరో రెండు భవిష్యత్తుకు ఖాళీగా మిగులుతాయి. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. తర్వాత పెంచే వీలుండదు కాబట్టి అవి కొనేవారు మాత్రం మొదటే చాలినంత చూసుకోవాలి.

కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, అది 16 అయినా 64 అయినా. యు.పి.ఎస్. లేకుండా రాత్రింబవళ్లు ఎడిటింగ్ చేసే స్టూడియోకు మొదట కావలసింది ర్యామ్ కాదు, అదే. ఆటోసేవ్‌ను ఐదు నిమిషాలకు పెట్టుకోవడానికి ఖర్చే లేదు.

కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకోవాలి. పేరున్న ర్యామ్‌కు చాలా ఏళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు లేనిదే దాన్ని వాడుకోవడం కష్టం. పాత సిస్టంలనుంచి ఊడదీసినవాటిని కొత్తవిగా అంటగట్టే అవకాశమూ ఉంది గనుక సీలు చూసుకోవాలి. తీసేసిన పాత స్టిక్కులను దుకాణంలో వదిలేసి రావద్దు. ధరలు పెరిగాక వాటికీ గిరాకీ వచ్చింది.