మన చేతికి ఆ దెబ్బ ఎవరు నేర్పారు?

పిల్ల పాలు ఒలకబోసింది. పొయ్యి మీద చేపల పులుసు పొంగుతోంది. అత్తగారు ముందు గదిలోంచి కేకేస్తున్నారు. సరిగ్గా ఆ నిమిషంలో మన చెయ్యి లేస్తుంది. అవునా, కాదా? నిజం చెప్పండి, ఇక్కడ మనమంతా ఆడవాళ్ళమే.

నా సంగతి ముందు చెప్తాను. మాది మైపాడు దగ్గర పల్లె. నా కుడి మోచేతి కింద ఒక మచ్చ ఉంది. ఏడేళ్ళప్పుడు అమ్మ అట్లకాడ కాల్చి పెట్టిన వాత అది. నేను చేసిన నేరమల్లా చెల్లెల్ని ఇసకలో వదిలేసి ఆడుకోడానికి పోవడం. తొడపాశాలకూ గోడకుర్చీలకూ అయితే లెక్కే లేదు. ఊళ్ళో అందరిళ్ళలోనూ అంతే కాబట్టి అది తప్పని ఎవరికీ తోచేది కాదు. “మొక్కై వంగనిది మానై వంగునా” అనేవాళ్ళు.

నాన్న సారా తాగొచ్చి అమ్మను కొట్టేవాడు. అమ్మ మమ్మల్ని కొట్టేది. అక్షరాలు నేర్చుకోడానికి కూడిన దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన సంగతి మీకు తెలిసిందే. 1992లో ఆ ఉద్యమం మా నెల్లూరు జిల్లా అంతా పాకింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ కూడా కొంగు బిగించి వెళ్ళింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నాన్న చెయ్యిచేసుకోవడం చాలావరకు తగ్గింది. అమ్మ మాత్రం మమ్మల్ని కొట్టడం మానలేదు! సారా పోయినా దెబ్బ ఎందుకు పోలేదా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

నేను తల్లినయ్యాక తెలిసింది. మొదట చెప్పిన పాలు, పులుసు మా ఇంటివే. పిల్లకప్పుడు ఐదేళ్ళు. వీపున రెండేసినా నా కోపం తీరలేదు. అట్లకాడ తీసి మంట మీద పెట్టాను. పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది, అచ్చం నేను దాచుకున్నట్టే. “ఏడిస్తే ఇంకోటి పడుద్ది” అన్నాను. ఆ గొంతు నాది కాదండీ, మా అమ్మది. ఒళ్ళు జలదరించి అట్లకాడ అంట్ల తొట్లో పడేశాను. సుయ్‌మంది.

తర్వాత అమ్మను అడిగాను. చీర కుచ్చెళ్ళు పైకెత్తి పిక్క మీద మచ్చ చూపించింది. “మా అమ్మ పెట్టిందే. నేను బాగుపడలా?” అంది.

దెబ్బ ఒక తరం నుంచి ఇంకో తరానికి పోయేది ఈ మాట మీదుగానే. మా అమ్మ చేసింది తప్పు అనడానికి మనకు నోరు రాదు. అందుకని అదే ప్రేమ అనుకుంటాం, మన పిల్లలకూ అదే పెడతాం. ప్రేమున్నవాళ్ళే కొడతారని నేర్చుకున్న ఆడపిల్ల రేపు మొగుడి దెబ్బకూ అలాగే సర్దుకుపోతుంది.

కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో, మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళలో నూటికి 88 మందికి పైగా కొట్టింది కన్నవాళ్ళే! బళ్ళో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. మరి మన వంటింట్లోనో?

కానీ ఇదేమీ తలరాత కాదు. చిన్నప్పుడు హింస పడ్డవాళ్ళలో పిల్లల్ని హింసించేవాళ్ళు పదిమందికి ముగ్గురు ఉండొచ్చని అమెరికాలో కాఫ్‌మన్, జిగ్లర్ అనే ఇద్దరు 1987లో లెక్క తేల్చారు. అంటే ఏడుగురు మానుకున్నట్టే కదా! మిన్నెసోటాలో కొందరు తల్లుల్ని ఏళ్ళ తరబడి గమనించి 1988లో ఇంకో మాట చెప్పారు. మానుకోగలిగిన తల్లులకు చిన్నప్పుడు ఆదరించిన పెద్దవాళ్ళో, ఆసరాగా నిలిచే భర్తో, మనసు విప్పి చెప్పుకోడానికి వైద్యులో ఉన్నారట. నాకు మా మేనత్త ఉండేది. వాత మీద వెన్న రాసి, “మీ అమ్మ చేసింది తప్పమ్మా” అనేది. ఆ ఒక్కమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

చెయ్యి లేచినప్పుడు పొయ్యి ఆర్పి పెరట్లోకి పోండి. పులుసు మాడితే మాడనీ. కొట్టేశారా, పిల్లను కూర్చోబెట్టుకుని “తప్పు నాది” అనండి, మన పెద్దరికమేమీ తగ్గిపోదు. పక్కింటి బిడ్డ రోజూ కేకలు పెడుతుంటే “మనకెందుకులే” అనుకోకండి, 1098కి ఫోన్ చెయ్యండి.

మా అమ్మకు ఇప్పటికీ నా పద్ధతి నచ్చదు. మొన్న సంక్రాంతికి తమ్ముడి కొడుకు అరిసెల పాకం తొక్కేస్తే చెయ్యెత్తింది. నా వైపు చూసి దించేసింది. “గారాబం చేసి చెడగొడుతున్నారు మీరు” అని గొణుక్కుంటూ వాడి కాళ్ళు కడగడానికి తీసుకెళ్ళింది.