ఎంపిక – ఎదురుచూపు

ఆట మైదానంలో జరుగుతుంది. అభిమానుల తగవు మాత్రం అంతకు ఎంతో ముందే, జట్టులోకి ఎవరిని తీసుకున్నారన్న వార్త పుట్టిన క్షణంలోనే మొదలవుతుంది. బంతి ఇంకా కదలలేదు. పరుగు లేదు, గోలు లేదు. అయినా "ఇతడు అక్కరకు వస్తాడు", "ఆ పైకమంతా దండుగ" అనే తీర్పులు రచ్చబండ మీద వెలువడుతూనే ఉంటాయి. ఇది ఒక దేశానికో, ఒక ఆటకో పరిమితమైన అలవాటు కాదు. ఏటేటా పదుల కొలది ఆటగాళ్లు పుట్టుకువచ్చే మహానగరాలలో ఇది ఒక కాలక్షేపం. కాని అనేక సంవత్సరాల నిరీక్షణకు ఫలంగా ఒక్క పేరు మాత్రమే జాబితాకెక్కే అనంతపురం వంటి కరవు సీమలో ఆ తీర్పుకు వేరొక బరువు ఉన్నది. ఆ బరువు ఎట్టిదో తెలియాలంటే, ఎంపిక తంతును ఒక జాతరగా మార్చుకున్న దేశం వైపు ముందుగా ఒకసారి చూడడం మంచిది.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన కాలిబంతి కాదు. కోడిగుడ్డును సాగదీసినట్లుండే బంతిని చేతబట్టి, ఎదుటివారిని త్రోసుకుంటూ ముందుకు సాగే ఆట అది. వెనుక నిలిచిన ఆటగాడు బంతిని దూరంగా విసరుతాడు. మైదానపు అంచు వెంట శరవేగంతో పరుగెత్తి, ప్రతిపక్షుల నడుమ నుండి ఎగిరి దానిని గాలిలోనే అందుకొనేవాడిని వైడ్ రిసీవర్ అంటారు. చేతికి చిక్కిన బంతి కీర్తి తెస్తుంది. జారిన బంతి వేలాదిమంది ఎదుట నగుబాటు తెస్తుంది. అందుచేత ఒక జట్టు క్రొత్తగా రిసీవరును ఎన్నుకున్నదంటే అభిమానుల నాలుకలకు విశ్రాంతి ఉండదు.

ఆ దేశంలో కళాశాలల నుండి వచ్చే ఆటగాళ్లను జట్లు వరుసగా పంచుకొనే పద్ధతి 1936లో ప్రారంభమైనది. దానిని డ్రాఫ్టు అంటారు. గడచిన ఏడు అందరికంటె హీనంగా ఆడిన జట్టు మొదట కోరుకుంటుంది. విజేత చివర కోరుకుంటుంది. బలహీనునికి ముందు వడ్డించాలన్న ఈ నియమంలో న్యాయం ఉన్నది. అయితే మొదటి డ్రాఫ్టులో మొదటివాడుగా ఎంపికైన జే బెర్వాంగర్ ఆ వృత్తి జట్లలో ఒక్క పోటీ అయినా ఆడలేదు. పుట్టిన నాడే ఆ పద్ధతి నేర్పిన పాఠం ఇది: ఎంపిక ఒక అంచనా మాత్రమే. ఈ పాఠాన్ని అభిమానులు నేటికీ ఒంటబట్టించుకున్నట్లు లేదు. 1999లో ఫిలడెల్ఫియా జట్టు డోనోవన్ మెక్‌నాబ్‌ను ఎన్నుకున్నప్పుడు, తాము కోరినవాడు దక్కలేదన్న కోపంతో ఆ ఊరి అభిమానులు కొందరు ఆ సభలోనే కేకలు వేసి అతనిని అవమానించినారు. అతడు ఆ జట్టుకు పదకొండేళ్లు ఆడి, 2005 ఫిబ్రవరిలో దానిని దేశంలోకెల్ల పెద్దదైన తుది పోటీకి తీసుకువెళ్లినాడు.

మన పల్లెలకు మరింత దగ్గరి కథ జెర్రీ రైస్‌ది. అతడు మిసిసిపీ రాష్ట్రంలోని క్రాఫర్డ్ అనే చిన్న ఊరిలో పెరిగిన తాపీపనివాని కుమారుడు. వేసవిలో తండ్రికి తోడుగా పనికి వెళ్లి, అన్నదమ్ములు క్రింది నుండి విసరిన ఇటుకలను పైన నిలిచి అందుకొనేవాడు. చదివినది పేరు ప్రతిష్ఠలు లేని ఒక చిన్న కళాశాలలో. 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మరొక జట్టుతో వంతు మార్చుకొని మరీ అతనిని పదహారవవాడుగా ఎన్నుకున్నది. అప్పటికే ఇద్దరు రిసీవర్లు అతనికంటె ముందు ఎంపికైనారు. ఇతని పరుగులో వేగం చాలదన్న అనుమానం పలువురికి ఉండేది. మొదటి ఏడు అతని చేతుల నుండి బంతి మాటిమాటికీ జారిపోయినది. స్వంత ఊరి ప్రేక్షకులే హేళన చేసినారు. ఆ ఏడాది డిసెంబరులో ఒక పోటీలో అతడు 241 గజాలు సాధించిన నాటి నుండి ఆ హేళన వినిపించలేదు. ఇరవై ఏళ్లు ఆడి, 1,549 మార్లు బంతిని అందుకొని, 22,895 గజాలు గడించినాడు. ఆ లెక్కను దాటినవారు నేటికీ లేరు. హేళన చేసినవారి చేతిలోనే నిర్ణయం ఉండి ఉంటే, అతడు మొదటి శరత్తులోనే ఇంటికి పోయి ఉండేవాడు.

అమెరికా సంగతి అట్లుండగా, మన తెలుగు నేలమీద కూడా అంచు వెంట పరుగెత్తిన మేటి ఆటగాడు ఒకడు ఉండినాడు. తులసీదాస్ బలరామ్ సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడలో 1936లో జన్మించినాడు. అతనిది పేద కుటుంబం. ప్రతిభను గుర్తించినవాడు హైదరాబాదుకు చెందిన మహాశిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. సాధనకు రావడానికి అద్దె సైకిలుకు డబ్బు కూడా ఆయనే ఇచ్చేవాడట. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో బలరామ్ ఉన్నాడు. 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ సంఘం అతనిని తీసుకున్నది. 1961లో ఆ సంఘానికి నాయకుడై లీగును, షీల్డును గెలిపించినాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఎడమ పార్శ్వం అతనిదే. మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బు చేత, ఇరవై ఏడేళ్లయినా నిండకముందే, ఆట మానవలసివచ్చినది. తక్కిన జీవితమంతా వంగదేశంలోనే గడిపి, 2023 ఫిబ్రవరి 16న అక్కడే కన్నుమూసినాడు.

ఇందులో ఒక విషయం గమనింపదగినది. ఆటగాని పుట్టినచోటు ఒకటి, ఎన్నుకున్నచోటు మరొకటి. కలకత్తా అభిమానికి అతడు తన జట్టువాడు. అమ్ముగూడ అభిమానికి తన ఊరివాడు. ఒకడు గెలుపును బట్టి ప్రేమిస్తాడు. రెండవవాడు పత్రికలో పేరు వెదకుకొని, గెలిచినా ఓడినా ఆ కాగితాన్ని దాచుకుంటాడు. స్వంతంగా పెద్ద జట్టు లేని ప్రాంతాలకు ఈ రెండవ విధమైన అభిమానమే గతి. అనంతపురం సరిగా అట్టి ప్రాంతం.

ఈ పీఠభూమికి రెండు ఋతుపవనాలూ అలసిపోయి చేరుతాయి. ఏడాది మొత్తం మీద కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదైనా వేళకు కురుస్తుందన్న నమ్మకం లేదు. ఎర్రనేల, వేరుసెనగ, వలస – ఈ మూడు మాటలతో ఇక్కడి చరిత్ర చాలావరకు చెప్పవచ్చును. నార్పల మండలంలోని బండ్లపల్లి పేరు దేశానికి మొదట తెలిసినది 2006 ఫిబ్రవరి 2న. ఒక్కొక్క గ్రామీణ కుటుంబానికి ఏటా నూరు రోజుల పనికి నాడు హామీ ఇచ్చిన గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఆ ఊరిలోనే ప్రారంభించినాడు. అట్టి పథకానికి ఆ ఊరినే ఎన్నుకోవడం దాని లేమికి గుర్తింపు.

పదిహేడేళ్లకు అదే ఊరి పేరు మరొక ఎంపికలో వినవచ్చినది. 2023 జూలైలో బంగ్లాదేశ్ వెళ్లే భారత మహిళా క్రికెట్ జట్టులో బండ్లపల్లి రైతుబిడ్డ బారెడ్డి అనూష పేరు ఉన్నది. ఎడమచేతితో బంతిని తిప్పే ఈ యువతి జూలై 9న మీర్పూరులో తొలి పోటీ ఆడినది. అదే రోజున, అదే జట్టులో, కేరళలోని వయనాడు కొండల నుండి వచ్చిన మిన్ను మణి కూడా తొలిసారి ఆడినది. మిన్ను స్వస్థలమైన మానంతవాడిలో ఒక కూడలికి ఆమె పేరు పెట్టినారు. మరునాటి పోటీలో ఆమె ఎట్లాడుతుందో ఎవరికి తెలుసును? అయినా కూడలికి పేరు వెలసినది. వెనుకబడిన సీమల అభిమానం ఇట్లే ఉంటుంది. అది ఫలితం కోసం ఆగదు. ఎంపికే దానికి ఫలితం.

అనూష అదే ఏడు సెప్టెంబరులో హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన బృందంలో కూడా ఉన్నది. ఆమె ఒక్కతే అనుకోరాదు. కర్నూలు జిల్లా ఆదోని నుండి అంజలి శర్వాణి 2022 డిసెంబరులో భారత జట్టు తరపున ఆడినది. 2023 ఫిబ్రవరిలో జరిగిన మహిళల లీగు తొలి వేలంలో ఆమెను ఉత్తరప్రదేశ్ జట్టు 55 లక్షలకు తీసుకున్నది. కడప జిల్లా పల్లె నుండి వచ్చిన శ్రీచరణిని 2024 డిసెంబరులో ఢిల్లీ జట్టు అదే ధరకు కొన్నది. ఆమె కనీస ధర 10 లక్షలు మాత్రమే. మరుసటి ఏడాదికి, 2025 నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన భారత జట్టులో ఆమె ఉన్నది. ఆ పోటీలలో 14 వికెట్లు పడగొట్టినది. ఆ నెలలోనే తిరిగి వేలం రాగా, అదే ఢిల్లీ జట్టు ఆమెకు కోటీ ముప్పై లక్షలు పెట్టినది. ముగ్గురూ రాయలసీమ బిడ్డలే. ముగ్గురూ ఎడమచేతితో బంతి వేసేవారే.

వేలంలో ధర పలకగానే అభిమానులు ధరను ప్రతిభగా భ్రమపడడం సహజం. ధర ఆనాటి అవసరాన్ని మాత్రమే చెబుతుంది. 55 లక్షలకూ కోటీ ముప్పై లక్షలకూ నడుమ శ్రీచరణి చేయి మారలేదు. చూచేవారి కన్ను మారినది. ఎంపిక చేయని చేతులు కూడా ఒక్కొక్కప్పుడు తప్పు పడతాయి. దానికి సాక్ష్యం అనంతపురం మైదానమే.

1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ జిల్లాకు వచ్చి నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ వారు అనంతపురం శివారున క్రికెట్టు, హాకీ, కాలిబంతి, టెన్నిసు ఆటలకు మైదానాలు వెలయించినారు. స్పెయిన్ దేశపు టెన్నిసు వీరుడు రాఫెల్ నాదల్ పేరిట ఒక బడి కూడా 2010లో అక్కడ తెరచినారు. అక్కడి క్రికెట్ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగినవి. దూరదర్శనంలో తప్ప చూడని ఆటగాళ్లు కంటి ఎదుట నిలువగా జనం విరగబడినారు. ఒక యువకుడు కాపలా దాటి పరుగెత్తి రుతురాజ్ గైక్వాడ్ పాదాలు తాకినాడు. ఆ పోటీలలో ఇషాన్ కిషన్ 111 పరుగులు చేసినాడు. ఆ ఏడు ఫిబ్రవరిలోనే క్రికెట్ బోర్డు వారి వార్షిక ఒప్పందాల జాబితా నుండి తొలగింపబడినవాడతడు. సంజూ శాంసన్ 106 పరుగులు చేసినాడు. ముందు ప్రకటించిన జట్లలో అతని పేరే లేదు. మరొకరు రాలేకపోగా వచ్చినవాడు. మరుసటి నెలలో హైదరాబాదులో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకు ఆడుతూ శాంసన్ మరొక శతకం బాదినాడు. అనంతపురం ప్రేక్షకులు చప్పట్లు కొట్టినది నిజానికి జాబితాలో చోటు తప్పిన ఇద్దరికి.

ఇక అసలు ప్రశ్న. అమెరికాలోని ఒక నగరపు జట్టుకు ఏటా ఏడెనిమిదిమంది క్రొత్తవారు వస్తారు. ఒకడు విఫలుడైతే మరొకనిపై ఆశ పెట్టుకోవచ్చును; హేళన ఆ ఒక్కని వీపుమీదనే పడుతుంది. బండ్లపల్లి వంటి ఊరికి అట్టి వెసులుబాటు లేదు. అక్కడినుండి వెళ్లిన పిల్ల రెండు పోటీలలో రాణించకపోతే, "ఆడపిల్లకు ఆటలేమిటి, చూచితిరా" అన్న మాట ఆమెతో ఆగదు. బంతి పట్టుకొని గడపదాటబోతున్న పదేళ్ల పిల్ల చెవిన పడుతుంది. అంతకుమించి ఆమె తండ్రి చెవిన పడుతుంది. సాధనకు పట్నం పంపాలా, పదవ తరగతి తరువాత పెండ్లి చేయాలా అని తర్జనభర్జన పడుతున్న ఇంటిలో ఆ ఒక్క మాట తక్కెడను ఒకవైపు మొగ్గిస్తుంది. కాబట్టి ఈ సీమలో అభిమాని సహనం మర్యాదకు మాత్రమే చెందినది కాదు. వెనుక వచ్చేవారి దారి దానిమీద ఆధారపడి ఉన్నది.

ఈ సహనం ఇక్కడివారికి క్రొత్తగా నేర్పనక్కరలేదు. తొలకరికి వేరుసెనగ విత్తిన రైతు మొలకను చూచి పంటను లెక్కకట్టడు. ఊడలు దిగే వేళకు వాన పడాలి. పైన ఆకు పచ్చగా నిగనిగలాడినా, నేలలో కాయ ఊరినదో లేదో చెట్టు పెరికిన నాడు తప్ప తెలియదు. ఒక్కొక్క ఏడు పైరు వాడినట్లు కనిపించి కూడా నాలుగు కాయలు ఇస్తుంది. పొలంలో ఇంత ఓర్పు చూపే మనిషి, అంగడి ముందు పత్రిక విప్పి ఆటగాని విషయంలో ఒక్క పూటలో తీర్పు చెప్పడం వింతయే.

పాఠశాలలో ఉన్నవారికి ఈ విషయం మరింత సన్నిహితమైనది. ఏ జాతీయ జాబితాకైనా తొలి చిత్తుప్రతి పల్లెబడి మైదానంలో తయారవుతుంది. సాయంకాలం ఆటల గంటలో జట్లు పంచేటప్పుడు చివరిదాకా పిలుపు అందక గోడవారగా నిలిచే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వారిలో ఎడమచేతివాటం పిల్ల ఉండవచ్చును. చెప్పులు లేక వెనుకాడే పిల్లవాడు ఉండవచ్చును. రహీమ్ అద్దె సైకిలుకు డబ్బు ఇచ్చినది ఒలింపిక్ ఆటగానికి కాదు, అమ్ముగూడ కుర్రవానికి. మైదానానికి నీడ లేని బడులు, బాలికలకు వేరే గది లేని బడులు, ఆటల గంటను లెక్కల పాఠానికి అప్పగించే బడులు ఈ జిల్లాలో ఉన్నంతకాలం, జాబితాకెక్కిన ప్రతి పేరు వెనుక ఎక్కని పేర్లు ఎన్నో ఉంటాయి. తరువాతి ఎంపిక వార్త వచ్చిన నాడు రచ్చబండ మీద అడగదగిన ప్రశ్న "ఈమె ఎంత ఆడుతుంది?" అన్నది ఒకటే కాదు. "మన బడి నుండి ఈ ఏడు ఎవరు ఆడడానికి వెళ్లలేకపోయినారు, ఏ కారణం చేత?" అన్నది రెండవది. మొదటిదానికి సమాధానం మైదానం చెబుతుంది. రెండవదానికి ఊరే చెప్పాలి.